మెదడు కణితి ఫైలులో వైరస్ పేరు కనిపిస్తే ఇంటివాళ్ళు ఏం చూసుకోవాలి

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో మెదడు కణితికి ఆపరేషన్ అయిన మనిషి ఫైలు తెరిస్తే వైరస్ అన్న మాట రెండు మూడు చోట్ల కనబడుతుంది. ఆపరేషన్‌కు ముందు రాసిన రక్తపరీక్షల్లో ఒకచోట ఉంటుంది. ఎవరో చెబితే బయటి ల్యాబ్‌లో చేయించిన సైటోమెగలో అనే వైరస్ పరీక్షలో ఇంకోచోట ఉంటుంది. ఈలోగా బంధువుల వాట్సాప్‌లో "ఈ గడ్డకు కారణం వైరసేనట, మందు కూడా ఉందట" అని ఒక వీడియో వచ్చి పడుతుంది. ఈ మూడూ మూడు వేరువేరు సంగతులు. ఇంటివాళ్ళు వాటిని ఒకటిగా కలిపేసుకోవడం వల్లే డబ్బూ, రోజులూ పోతాయి.

మెదడు కణితుల్లో వైరస్ పాత్ర మీద పరిశోధన ఏళ్ళ తరబడి నడుస్తోంది, ఇంకా తేలలేదు. అయితే తేలిపోయిన సంగతులు కొన్ని ఉన్నాయి, మన చేతిలో ఉన్నవి అవే. కణితి పేరు ఖాయం కాకముందు వైరస్ పరీక్షలు చాలా ముఖ్యం. చికిత్స నడుస్తూ ఒంట్లో తెల్లకణాలు పడిపోయినప్పుడు వైరస్‌ల మీద ఓ కన్నేసి ఉంచడం అంతకంటే ముఖ్యం. ఈ రెంటికీ మధ్య "గడ్డలో వైరస్ ఉందా, లేదా" అని తవ్వుకోవడం వల్ల రోగికి ఇవాళ దక్కేది తక్కువే.

ముందు ఆ కాగితం ఏ పరీక్షదో చూడండి

"వైరల్ మార్కర్స్: నాన్ రియాక్టివ్" అని ఉంటే కణితిలో వైరస్ లేదని అర్థం కాదు. మన ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్‌కు పంపే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ (హెచ్‌బీఎస్ యాంటిజెన్), హెపటైటిస్ సీ చూస్తారు. ఆ మూడింటినీ కలిపి వైరల్ మార్కర్స్ అంటారు. థియేటర్ సిబ్బంది జాగ్రత్త కోసం చేసే పరీక్షలివి, కణితిలో వైరస్ ఉందా అన్నది వీటితో తెలియదు. అయినా ఈ కాగితాన్ని పారేయకండి, కీమో మొదలుపెట్టే ముందు దీనితోనే పని పడుతుంది.

సైటోమెగలో వైరస్ ఐజీజీ (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీ) పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు, చాలామందికి చిన్నప్పుడే, ఆ వైరస్ ఒంట్లోకి వచ్చిందని. మన దేశంలో పెద్దవాళ్ళలో ఎక్కువమందికి ఇది పాజిటివే వస్తుంది. కణితి ఉన్న మనిషికీ వస్తుంది, ఆయన్ని చూడడానికి వచ్చిన బావమరిదికీ వస్తుంది. పక్కన "240 యూనిట్లు" లాంటి పెద్ద అంకె ఉన్నా దాన్ని బట్టి జబ్బు తీవ్రత చెప్పలేం. ఎప్‌స్టీన్-బార్ అనే ఇంకో వైరస్ ఐజీజీ సంగతీ ఇంతే. ఇన్ఫెక్షన్ మొదట్లో పుట్టే యాంటీబాడీ ఐజీఎం పాజిటివ్ వస్తే కొత్త ఇన్ఫెక్షన్ అనుకోవాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఒక వైరస్‌కు పుట్టిన ఐజీఎం ఇంకో వైరస్ పరీక్షలో కూడా గీత చూపించే సందర్భాలు ఎక్కువ. ఐజీఎం ఒక్కటే చూసి మందు మొదలుపెట్టడం సరికాదు.

రక్తంలో వైరస్ ఇప్పుడు పెరుగుతోందా అన్నది తేల్చేది పీసీఆర్. ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రక్తం తీసి, వైరస్ డీఎన్‌ఏ మిల్లీలీటరుకు ఎంత ఉందో లెక్క ఇస్తారు. ఇక కణితి ముక్కలోనే వైరస్ ఉందా అన్నది చూడాలంటే రక్తం పనికిరాదు. పాథాలజిస్టు ఆ ముక్క మీదే ప్రత్యేక రంగు పరీక్ష చేయాలి. ఎప్‌స్టీన్-బార్‌కు చేసేదాన్ని ఈబర్ పరీక్ష అంటారు. మెదడు లింఫోమా (తెల్లకణాల్లో ఒక రకం నుంచి పుట్టే క్యాన్సర్) అనుమానం ఉన్నచోట దీనికి విలువ ఉంది. గ్లియోమా (మెదడు ఆసరా కణాల్లో పుట్టే కణితి) ముక్కలో సైటోమెగలో వెతకడం మాత్రం ఇప్పటికీ పరిశోధన పనే. దానివల్ల చికిత్స మారదు కాబట్టి సొంత డబ్బు పెట్టి చేయించొద్దు.

సైటోమెగలో గొడవ ఎక్కడ మొదలైంది

2002లో అమెరికాలో చార్లెస్ కాబ్స్ బృందం 27 గ్లియోమా ముక్కలు పరీక్షించి, 27లోనూ సైటోమెగలో వైరస్ ప్రొటీన్లు కనిపించాయని రాసింది. పక్కనున్న మామూలు మెదడులో అవి లేవు. ఆ తర్వాత కొన్ని ల్యాబులు అవునన్నాయి, కొన్ని మాకేం కనబడలేదన్నాయి. కణితుల ఆర్‌ఎన్‌ఏను ఆసాంతం చదివే యంత్రాలు వచ్చాక, గ్లియోమాల్లో తీవ్రమైన రకమైన గ్లియోబ్లాస్టోమా ముక్కల్ని పెద్ద సంఖ్యలో జల్లెడ పట్టారు. వైరస్ జాడ దాదాపుగా దొరకలేదు. పాత పద్ధతి చాలా సున్నితమైంది, చిన్న మోతాదునూ పట్టుకుంటుందని ఒక వర్గం వాదన. అంత సున్నితంగా చేస్తే లేనిదీ ఉన్నట్టు కనబడుతుందని ఇంకో వర్గం వాదన. రెండువైపులా తెలిసినవాళ్ళే ఉన్నారు.

ఉందని చెప్పేవాళ్ళు కూడా కణితిని వైరసే పుట్టించిందని సాధారణంగా అనరు. వైరస్ పొయ్యి అంటించదు, మండుతున్న పొయ్యికి విసనకర్ర పడుతుంది అన్నది వాళ్ళ లెక్క. దీనికి చూపించే దారులు కొన్ని ఉన్నాయి. వైరస్ తయారుచేసే యూఎస్28 అనే ప్రొటీన్ కణం పైపొరలో కూర్చుని స్టాట్3 అనే పెరుగుదల సంకేతాన్ని ఆగకుండా నడిపిస్తుంది. దాంతో కొత్త రక్తనాళాలు పుట్టించే వీఈజీఎఫ్ పెరుగుతుంది. రక్తనాళాలు పెరిగితే కణితికి మేత పెరిగినట్టే. ఇంకోటి, మన రోగనిరోధక వ్యవస్థను చల్లబరిచే ఇంటర్‌ల్యూకిన్-10కు నకలు లాంటి ప్రొటీన్‌ను ఈ వైరస్ సొంతంగా తయారుచేసుకుంటుంది. కణితి చుట్టూ చేరిన కాపలా కణాలు దాంతో మెత్తబడతాయి. ఎలుకల్లో చేసిన పనిలో, ముందే సైటోమెగలో ఉన్న ఎలుకలో పెట్టిన కణితి త్వరగా పెరిగింది, వైరస్ మందు ఇస్తే నెమ్మదించింది. మనిషిలోనూ అలాగే జరుగుతుందని రుజువు కావాల్సి ఉంది.

వాట్సాప్ వీడియోల్లో తిరిగే మందు వాల్‌గాన్‌సైక్లోవిర్. స్వీడన్ కరోలిన్‌స్కా వాళ్ళు 2013లో 42 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు నెలలు ఈ మందు, ఇంకో గుంపుకు ఉత్తి బిళ్ళలు ఇచ్చారు. స్కాన్‌లో కణితి పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే ఏడాది ఆ బృందమే, మందు వాడిన 50 మందిలో రెండేళ్ళు దాటినవాళ్ళు 62 శాతం, పాత రోగుల్లో 18 శాతం అని రాసింది. అందరూ చూపించే అంకె ఇదే. కానీ మందు ఎక్కువ నెలలు వాడినవాళ్ళు ఎక్కువకాలం బతికారంటే, ఎక్కువకాలం బతికినవాళ్ళే అన్ని నెలలు వాడగలిగారు అన్నది కూడా అంతే నిజం. చీటీ వేసి గుంపులు విడదీయకపోతే ఈ ముడి విడదు.

ఈ మందు తెల్లకణాల్ని తగ్గిస్తుంది. ఈ కణితికి ఇచ్చే కీమో మందు టెమొజోలమైడ్ కూడా తెల్లకణాల్నే తగ్గిస్తుంది. రెండూ కలిపి వాడితే న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో సూక్ష్మజీవులతో పోరాడే రకం) పడిపోయి అసలు కీమో ఆపాల్సి రావచ్చు. రుజువైన మందును రుజువు కాని మందు కోసం ఆపుకోవడం మంచి బేరం కాదు. ఎవరైనా డాక్టరు తెలిసే రాస్తే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి మోతాదు తగ్గించారా, వారంవారం కౌంట్ చూస్తున్నారా అని అడగండి. 450 మి.గ్రా. బిళ్ళను విరగ్గొట్టకూడదు, నూరకూడదు. గర్భంతో ఉన్న ఆడవాళ్ళు ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

ముక్క తీయకముందు

ఎంఆర్‌ఐలో గడ్డలా కనిపించినదంతా కణితి కాదు. మన ప్రాంతంలో ట్యూబర్‌క్యులోమా (క్షయ గడ్డ) ఉంది, పందిపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తి ఉంది, చీముగడ్డ ఉంది. వైరస్ వల్ల తికమక పడేవి ముఖ్యంగా రెండు.

మొదటిది హెచ్‌ఐవీతో ముడిపడినది. హెచ్‌ఐవీ ఉన్న మనిషిలో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా తగ్గితే, ముఖ్యంగా 50 కంటే దిగితే, మెదడులో లింఫోమా రావచ్చు. దాదాపు ప్రతి ముక్కలోనూ ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. మెదడు కణితిని వైరస్ నడిపిస్తుందని గట్టిగా చెప్పగల ముఖ్యమైన సందర్భం ఇది. అదే సీడీ4 స్థాయిలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఇన్ఫెక్షన్ కూడా అచ్చం ఇలాగే రింగులా కనబడుతుంది. అందుకే రోగి నిలకడగా ఉంటే డాక్టర్లు ముందు టాక్సోకు మందు ఇచ్చి, రెండు వారాల తర్వాత మళ్ళీ ఎంఆర్‌ఐ తీస్తారు. తగ్గకపోతే ముక్క తీస్తారు. ఆ రెండు వారాలను ఇంటివాళ్ళు కాలయాపన అనుకుని ఇంకో ఆసుపత్రికి మారిస్తే అక్కడ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి హెచ్‌ఐవీ పరీక్ష దాచిపెట్టాల్సింది కాదు, అది ముందే తెలియాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) ఉచితంగా, గుట్టుగా చేస్తారు. పాజిటివ్ వస్తే హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు కూడా ఉచితమే. ఈ రకం లింఫోమాకు ఏఆర్‌టీ కూడా చికిత్సలో భాగమే, పక్కన పెట్టి చూడదగింది కాదు.

లింఫోమా అనుమానం ఉన్నప్పుడు డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ సంగతి తప్పనిసరిగా అడగాలి. మెదడు వాపు తగ్గించడానికి అందరూ మొదట ఇచ్చేది అదే. ఒక్క ఇంజెక్షన్‌తో తలనొప్పి తగ్గుతుంది, ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. లింఫోమా కణాలు మాత్రం స్టెరాయిడ్‌కు కరిగిపోతాయి. నాలుగు రోజుల తర్వాత ముక్క తీస్తే పాథాలజిస్టుకు చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకకపోవచ్చు. అప్పుడు రిపోర్టు "నిర్ధారించలేం" అని వస్తుంది. మళ్ళీ కపాలానికి రంధ్రం పెట్టాల్సి వస్తుంది. మనిషి మగతలో ఉంటే, కనుపాపలో తేడా ఉంటే స్టెరాయిడ్ ఇవ్వక తప్పదు, అక్కడ వాదించకూడదు. మనిషి బాగానే ఉంటే "ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ఆపొచ్చా?" అని న్యూరోసర్జన్‌ను ఒక మాట అడగండి. ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. మెల్లగా తగ్గించాలి, లేకపోతే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలతాడు.

రెండో తికమక హెర్పిస్ ఎన్‌కెఫలైటిస్, అంటే హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు. జ్వరం, మాట తడబాటు, వింత ప్రవర్తన, ఫిట్స్, స్కాన్‌లో చెవి పైభాగాన ఉండే టెంపొరల్ లోబులో వాపు. కొన్ని గ్లియోమాలు సరిగ్గా అక్కడే, అలాగే కనబడతాయి. తేల్చడానికి వెన్ను నీరు తీసి హెర్పిస్ పీసీఆర్‌కు పంపుతారు. మెదడులో ఒత్తిడి బాగా ఉంటే వెన్ను నీరు తీయడం ప్రమాదం. "ఆ చిన్న సూది పరీక్ష ఎందుకు చేయట్లేదు" అని డ్యూటీ డాక్టరును నిలదీసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జబ్బు మొదలైన తొలి మూడు రోజుల్లో ఈ పీసీఆర్ తప్పుగా నెగటివ్ రావచ్చు, అనుమానం పోకపోతే కొన్ని రోజుల తర్వాత మళ్ళీ తీయాలి. శాంపిల్ హైదరాబాద్ వెళ్ళేదైతే సాయంత్రం పికప్ ఎన్నింటికో కనుక్కుని ఆలోపే ల్యాబ్‌కు చేర్చండి. ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి.

ఫలితం వచ్చేదాకా హెర్పిస్ మందు ఎసైక్లోవిర్ ఆపరు. కిలోకు 10 మి.గ్రా. చొప్పున 8 గంటలకోసారి, 14 నుంచి 21 రోజులు. 60 కిలోల మనిషికి ఒక్కో డోసు 600 మి.గ్రా. గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి. గబగబా ఎక్కిస్తే మందు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. సెలైన్ సరిపడా పోతోందా, క్రియాటినిన్ ఎలా ఉంది అన్నది ఇంటివాళ్ళు అడగవచ్చు. కోర్సు పూర్తయిన కొన్ని వారాలకు మళ్ళీ ఎంఆర్‌ఐ తీయించకుండా వదిలేయకండి. వాపు తగ్గకుండా అలాగే ఉన్నా, పెరిగినా అది వైరస్ కాదేమో, కణితేమో అని మళ్ళీ ఆలోచించాలి.

ముక్క తీశాక, మైనపు దిమ్మ

ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో పాథాలజీకి వెళ్తుంది. అక్కడ దాన్ని పారఫిన్ మైనంలో పోసి దిమ్మ చేస్తారు. వాళ్ళు దాన్నే బ్లాక్ అంటారు. ఈబర్, కణితి స్వభావం చెప్పే ఐడీహెచ్, ఎంజీఎంటీ పరీక్షలు, తర్వాత ఎప్పుడు ఏ పరీక్ష కావాలన్నా ఈ దిమ్మే ఆధారం. నిమ్స్‌కో, బెంగళూరు నిమ్హాన్స్‌కో రెండో అభిప్రాయానికి వెళ్ళేటప్పుడు ఎంఆర్‌ఐ ఫిల్ములు మాత్రమే పట్టుకెళ్తే సగం పనే అవుతుంది. ఎంఆర్‌ఐ సీడీ, స్లైడులు, బ్లాక్, పాథాలజీ నంబరు ఉన్న రిపోర్టు, ఇవన్నీ అడిగి తీసుకోండి. మూడు రోజుల ముందే అర్జీ ఇస్తే మంచిది, వెళ్ళే రోజు పొద్దున అడిగితే దొరకదు.

మైనం కరిగేది సుమారు 56 నుంచి 60 డిగ్రీల మధ్య. మే నెలలో విజయవాడలో బయట 44 డిగ్రీలుంటే, ఎండలో నిలిపిన కారు లోపల డ్యాష్‌బోర్డు మీద అంతకు మించిపోతుంది. బ్లాక్‌ను కారులో వదిలేసి భోజనానికి దిగొద్దు. మెత్తబడి ముక్క పక్కకు జరిగితే దాన్ని మళ్ళీ మైనంలో పోయించాలి, చిన్న బయాప్సీ అయితే అంత కణజాలం మిగలకపోవచ్చు. గుడ్డలో చుట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతిసంచిలో ఉంచుకోండి. ఫ్రిజ్ అక్కర్లేదు. పెట్టె మీద పేషెంటు పేరు, పాథాలజీ నంబరు రాయండి. తిరిగి ఇవ్వాల్సిన బ్లాక్‌కు రసీదు తీసుకోండి.

కీమోకు ముందు హెపటైటిస్ బీ

గ్లియోబ్లాస్టోమాకు మామూలు పద్ధతి ఆరు వారాల రేడియేషన్, 30 విడతలు, మొత్తం 60 గ్రే. దానితోపాటు రోజూ టెమొజోలమైడ్ చదరపు మీటరుకు 75 మి.గ్రా. ఒంటి వైశాల్యం 1.6 చదరపు మీటర్లున్న మనిషికి 120 మి.గ్రా., అంటే ఒక 100, ఒక 20 క్యాప్సూల్. పరగడుపున వేసుకోవాలి, క్యాప్సూల్ విప్పకూడదు. తర్వాత నెలనెలా ఐదేసి రోజులు, చదరపు మీటరుకు 150 నుంచి 200 మి.గ్రా.

కాలేయంలో నిద్రపోతున్న హెపటైటిస్ బీ వైరస్ ఈ మందుతో, డెక్సామెథజోన్‌తో మళ్ళీ లేవగలదు. ఇది ఊహ కాదు, ప్రాణాలు పోయిన కేసులు నమోదయ్యాయి. ఇక్కడే ఇందాకటి వైరల్ మార్కర్స్ కాగితం పనికొస్తుంది, కానీ అది ఒక్కటే చాలదు. హెచ్‌బీఎస్ యాంటిజెన్‌తోపాటు యాంటీ హెచ్‌బీసీ టోటల్ కూడా చేయించాలి. మొదటిది నెగటివ్, రెండోది పాజిటివ్ వస్తే పాతకాలపు ఇన్ఫెక్షన్ ఉందని. అలాంటివాళ్ళకు లివర్ పరీక్ష, హెచ్‌బీఎస్ యాంటిజెన్ మధ్యమధ్యలో చూస్తుండాలి. యాంటిజెనే పాజిటివ్ అయితే హెచ్‌బీవీ డీఎన్‌ఏ చూసి, కీమోకు ముందే ఎంటెకావిర్ రోజుకు 0.5 మి.గ్రా. గానీ టెనొఫొవిర్ గానీ మొదలుపెడతారు. కీమో అయిపోయాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. "కీమో అయిపోయింది కదా" అని ఇంటివాళ్ళు ఆపేస్తే అప్పుడే వైరస్ ఎగిసిపడుతుంది. కళ్ళు పచ్చబడితే పసరు మందుకు తీసుకెళ్ళడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఈ మనిషి విషయంలో ఆ రెండు రోజులు చాలా ఖరీదు. అదే రోజు బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, పీటీ ఐఎన్‌ఆర్ చేయించాలి.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స చేయించుకుంటుంటే ఏది ప్యాకేజీలో ఉంది, ఏది బయట చేయించుకోవాలి అన్నది ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను చేరిన రోజే అడగండి. డిశ్చార్జి రోజు అడిగితే బిల్లు అప్పటికే తయారై ఉంటుంది.

రేడియేషన్ నడుస్తున్నప్పుడు

రేడియేషన్, టెమొజోలమైడ్, డెక్సామెథజోన్ మూడూ కలిసి లింఫోసైట్‌లను కోసేస్తాయి. చికిత్స మొదలైన రెండు నెలలకు వందలో 40 మందికి సీడీ4 కణాలు 200 కంటే కిందికి వస్తాయని ఒక పరిశీలనలో తేలింది. హెచ్‌ఐవీ లేకపోయినా ఆ స్థాయి బలహీనత అది. న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ ఇస్తారు (అది ఫంగస్, వైరస్ కాదు). సల్ఫా పడనివాళ్ళు ముందే చెప్పాలి.

రేడియేషన్ నడిచే ఆరు వారాలూ వారానికోసారి సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించండి. రిపోర్టులో పైన ఉన్న మొత్తం తెల్లకణాల అంకె చూసి తృప్తిపడొద్దు. మొత్తం 3,200, న్యూట్రోఫిల్స్ 45 శాతం అనుకోండి. 3,200ను 45తో గుణించి 100తో భాగిస్తే 1,440. ఇది 1,500 కంటే తక్కువ, ఆ రోజు టెమొజోలమైడ్ ఆపాలి. ప్లేట్‌లెట్స్ లక్ష కంటే తగ్గినా అంతే. "3,200 అంటే కాస్త తక్కువే కదా" అని క్యాప్సూల్ వేసేసి మర్నాడు డాక్టరుకు చూపించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ముందు చూపించి తర్వాత వేయాలి.

జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆగస్టు నుంచి నవంబరు దాకా మన జిల్లాల్లో ఇంకో చిక్కు వస్తుంది, డెంగీ. ప్లేట్‌లెట్స్ పడిపోతే అది కీమో వల్లా, డెంగీ వల్లా అన్నది తేలాలి. నెలకు ఐదు రోజుల పద్ధతిలో టెమొజోలమైడ్ వల్ల ప్లేట్‌లెట్స్ అట్టడుగుకు చేరేది సాధారణంగా మూడో, నాలుగో వారంలో, జ్వరం లేకుండా. డెంగీలో జ్వరం ముందు వస్తుంది, ఒళ్ళు నొప్పులుంటాయి, హీమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 యాంటిజెన్, తర్వాత ఐజీఎం. తారుమారు చేస్తే రెండూ నెగటివ్ వచ్చి మోసపోతాం. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. కణితి ఉన్న తలలో రక్తస్రావం అయితే దిద్దుకునే వీలుండదు. బొప్పాయి ఆకు రసం పోస్తే ప్లేట్‌లెట్స్ పెరుగుతాయని పోసేవాళ్ళున్నారు. కీమోతో వాంతులవుతున్న మనిషికి ఆ చేదు పోస్తే నోట్లోకి పోవాల్సిన నీళ్ళు కూడా పోవు.

ఇక అక్కి. ఒక పక్కనే, నడుము చుట్టూనో ఛాతీ మీదో మంట మొదలై, రెండు మూడు రోజులకు నీటి పొక్కుల వరుస వస్తుంది. చిన్నప్పటి ఆటలమ్మ వైరసే నరంలో దాక్కుని, బలం తగ్గగానే లేస్తుంది. మన దగ్గర జేగురుతో అక్కి బొమ్మ రాయించడానికి తీసుకెళ్తారు. రాయించుకోవడం వల్ల నష్టం లేదు, కానీ ఆ తిరుగుడులో 72 గంటలు దాటిపోతే నష్టం ఉంది. పొక్కులు కనిపించిన మూడు రోజుల్లోపే వలాసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు వారం పాటు, లేదా ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు ఐదుసార్లు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మోతాదు మూత్రపిండాలను బట్టి డాక్టరు చెప్పాలి. ముక్కు కొస మీదో, కంటి దగ్గరో పొక్కు కనిపిస్తే అదే రోజు కంటి డాక్టరు. ఒళ్ళంతా పొక్కులు వస్తే బిళ్ళలతో కాదు, ఆసుపత్రిలో చేరాలి.

అన్నిటికంటే కష్టమైనది రేడియేషన్ మధ్యలో మనిషి మాట తడబడటం, మగతగా ఉండటం. అందరికీ మొదట తట్టేది కణితి పెరిగిందని. అది కావచ్చు. రేడియేషన్ అయిన తొలి మూడు నెలల్లో స్కాన్‌లో పెరిగినట్టు కనబడి, మందు మార్చకుండానే తగ్గిపోయే సందర్భాలూ ఉన్నాయి, దాన్ని సూడో ప్రొగ్రెషన్ అంటారు. సోడియం తగ్గి ఉండొచ్చు, స్టెరాయిడ్‌తో షుగర్ 400 దాటి ఉండొచ్చు, ఫిట్స్ మందు ఎక్కువై ఉండొచ్చు. ఇవన్నీ చూశాక కూడా కారణం దొరకకపోతే రక్తంలో సైటోమెగలో పీసీఆర్ అడగాలి. మెదడుకు రేడియేషన్ ఇస్తున్నప్పుడు రక్తంలో ఈ వైరస్ లేచి మనిషి దిగజారి, వైరస్ మందు ఇవ్వగానే కోలుకున్న సందర్భాలను జర్మనీ డాక్టర్లు ప్రచురించారు. ఐజీజీ కాదు, ఐజీఎం కాదు, పీసీఆర్. సైటోమెగలోకు, మెదడు కణితికి మధ్య ఇవాళ రోగికి పనికొచ్చే సంబంధం ఇదే అని మా అభిప్రాయం. కణితి పెరిగిందనుకుని చికిత్స ఆపేసి ఇంటికి పంపేసే ముందు ఈ పరీక్ష జరిగి ఉండాలి.

టీకాల సంగతి

ఫ్లూ టీకా, సూది రకం, వేయించవచ్చు. ఆటలమ్మ టీకా, ఎంఎంఆర్ లాంటి బతికున్న వైరస్ టీకాలు చికిత్స నడుస్తుండగా వద్దు. అక్కికి షింగ్రిక్స్ 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, అందులో బతికున్న వైరస్ లేదు. ఖరీదైనది, రెండు డోసులు. ఎప్పుడు వేయించాలో ఆంకాలజిస్టునే అడగండి. ఇంట్లో పసిపిల్ల ఉంటే పోలియో చుక్కల్లోని బతికున్న వైరస్ కొన్ని వారాలు మలంలో వస్తుంది. చుక్కలు మానేయొద్దు, ముందుగా పిల్లల డాక్టరుకు సంగతి చెప్పండి. పిల్ల గుడ్డలు మార్చే పని రోగికి అప్పగించొద్దు, మార్చినవాళ్ళు సబ్బుతో చేతులు కడగాలి. 1955 నుంచి 1963 దాకా అమెరికాలో వేసిన కొన్ని పోలియో టీకాల్లో ఎస్‌వీ40 అనే కోతి వైరస్ కలిసిన మాట నిజమే. టీకా వేసుకున్నవాళ్ళను దశాబ్దాలు గమనించినా మెదడు కణితులు పెరిగిన దాఖలా రాలేదు. ఆ భయంతో ఇవాళ్టి పిల్లలకు టీకాలు ఆపడంలో అర్థం లేదు.

వైరస్‌తోనే గడ్డను చంపే చికిత్స ఉందట కదా

ఉంది. జపాన్‌లో మార్పుచేసిన హెర్పిస్ వైరస్ మందు డెలిటాక్ట్‌కు 2021 జూన్‌లో షరతులతో, కాలపరిమితితో అనుమతి వచ్చింది. సర్జన్ దాన్ని నేరుగా కణితిలోకి ఎక్కిస్తారు, ఆరుసార్ల దాకా. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం మార్పుచేసిన పోలియో వైరస్‌ను తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమా ఉన్న 61 మందికి ఇచ్చి 2018లో ఫలితాలు ప్రకటించింది. మూడేళ్ళకు 21 శాతం మంది బతికున్నారు. పాత రోగుల్లో అది 4 శాతం. అక్కడ వాడింది జన్యువు మార్చి ల్యాబ్‌లో తయారుచేసిన వైరస్. మన పోలియో చుక్కలకూ దానికీ పేరు తప్ప పోలిక లేదు. చుక్కలు తాగించినా, ఇంజెక్షన్ చేసినా గడ్డ తగ్గదు, ప్రమాదం మాత్రం ఉంది.

ఎవరైనా "మా దగ్గర వైరస్ థెరపీ ఉంది" అంటే సీటీఆర్‌ఐ (మందు ప్రయోగాల ప్రభుత్వ జాబితా) నంబరు అడగండి. మన దేశంలో జరిగే ప్రతి మందు ప్రయోగమూ ఆ ప్రభుత్వ జాబితాలో ఉండాలి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం, తెలుగులో రాసిన సమ్మతి పత్రం చూపించాలి. ఆ పత్రం మీద సంతకం పెట్టే ముందు ఒక కాపీ ఇంటికి తెచ్చుకుని చదువుకునే హక్కు మీకుంది. పరిశోధనలో ఉన్న మందుకు లక్షల్లో అడ్వాన్సు అడిగితే, నంబరు చెప్పడానికి తడబడితే, ఫైలు వెనక్కి తీసుకుని వచ్చేయండి. బ్లాక్ వాళ్ళ దగ్గర ఇచ్చి ఉంటే అది కూడా అడిగి తీసుకోండి.